బ్యాటన్ కింద పడితే ముందు ఏం చేయాలి? పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

మొన్న రిలే అయ్యాక మీ నలుగురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకున్నారని, పక్క టీమ్ వాళ్ళతో కూడా గొడవ పెట్టుకున్నారని తెలిసింది. నేనక్కడ లేను కాబట్టి తప్పెవరిదో చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ చాలా ఏళ్ళు ట్రాక్ పక్కన, తప్పు జరిగితే ఎత్తే పసుపు జెండా పట్టుకుని నిలబడ్డవాణ్ణి కదా, మా వైపు నుంచి చూస్తే ఏం కనపడుతుందో చెప్తాను వినండి.

రిలేలో పరిగెత్తేది మీరే అయినా రేసు మాత్రం బ్యాటన్‌ది, అంటే ఒకళ్ళ చేతిలోంచి ఇంకొకళ్ళ చేతికి మారే ఆ గొట్టానిది. జోన్, అంటే బ్యాటన్ మార్చుకోవాల్సిన గీతల మధ్య చోటు, అక్కడ మీ కాళ్ళు ఎక్కడున్నాయి, ఒళ్ళు ఎక్కడుంది అని మేం చూడం, బ్యాటన్ ఎక్కడుందో చూస్తాం అంతే. 4x100లో, అంటే నలుగురూ తలా వంద మీటర్లు పరిగెత్తే రిలేలో, జోన్ 30 మీటర్లు, తలా నాలుగొందలు పరిగెత్తే 4x400లో 20 మీటర్లే. తీసుకునేవాళ్ళ చెయ్యి బ్యాటన్‌కి తగిలిన క్షణం నుంచి మార్పిడి మొదలైనట్టు, ఇచ్చేవాళ్ళు పూర్తిగా వదిలేసి అది ఒక్కళ్ళ చేతిలోనే ఉన్నప్పుడు పూర్తయినట్టు, ఈ రెండూ జోన్ లోపలే జరగాలి. 2016 రియో ఒలింపిక్స్‌లో 4x100లో అమెరికా మగవాళ్ళ టీమ్ మూడో స్థానంలో వచ్చి కూడా కాంస్యం పోగొట్టుకుంది, ఎందుకంటే బ్యాటన్ అందుకోవాల్సిన జస్టిన్ గాట్లిన్ చెయ్యి జోన్ మొదలవకముందే బ్యాటన్‌కి తగిలింది. ఆ పతకం కెనడాకి వెళ్ళిపోయింది.

బ్యాటన్ అంటే ఎంతని, 28 నుంచి 30 సెంటీమీటర్ల గొట్టం, 50 గ్రాములకి తగ్గకూడదు, అంతే. ఇచ్చేవాళ్ళు దాన్ని మధ్యలో పట్టుకుంటే అవతలి చేతికి చోటే ఉండదు, అందుకే కింది చివర పట్టుకోమని మీకు వందసార్లు చెప్పేది. ఇక తీసుకునేవాళ్ళు, ఇచ్చేవాళ్ళ పిలుపు వినపడగానే చెయ్యి వెనక్కి చాపి అలాగే ఉంచేయాలి. ఆ చెయ్యి గాల్లో తడుముకుంటూ అటూ ఇటూ ఊగితే వెనక వచ్చేవాళ్ళకి అరచెయ్యి దొరకదు, మొదటిసారి తప్పుతుంది, రెండోసారి పొడుస్తారు, ఈలోపు జోన్ అయిపోతుంది. గ్లోవ్స్ వేసుకోవడం, చేతికి జిగురులాంటివి రాసుకోవడం కుదరదు.

ఇప్పుడు అసలు విషయం, ఒకరినొకరు గుద్దుకోవడం. ఒక పోటీలో చివరి మార్పిడి నా ఎదురుగానే జరిగింది. ఒకమ్మాయి బ్యాటన్ శుభ్రంగా అందుకుంది, రెండడుగులు వేసిందో లేదో, పక్క లేన్‌లో తన పని అయిపోయిన పిల్ల రొప్పుకుంటూ ఈ లేన్‌లోకి అడ్డంగా వచ్చేసింది, భుజాలు గుద్దుకున్నాయి, బ్యాటన్ టంగుమని పడి ముందుకే దొర్లుకుంటూ పోయింది, ఓ ఐదారడుగులు. ఈ పిల్ల ఏడుస్తూనే ఉరికి, అది ఆగిన చోట తీసుకుని అక్కణ్ణుంచే పరిగెత్తేసింది. నేను జెండా ఎత్తాల్సి వచ్చింది, ఇద్దరి మీదా. అడ్డం వచ్చినందుకు ఆ టీమ్ పోయింది, వెనక్కి రానందుకు ఈ టీమ్ కూడా పోయింది. బ్యాటన్ ముందుకో పక్కకో పోతే, తీసుకున్నాక అది మీ చేతిలోంచి జారిన చోటికి తిరిగొచ్చి మరీ పరుగు మొదలుపెట్టాలి, లేకపోతే ఆ ఐదడుగులు మీరు పరిగెత్తనట్టే కదా. "గుద్దింది వాళ్ళే కదా సార్" అని ఆ పిల్ల నా దగ్గరికొచ్చి అడిగింది. నిజమే, వాళ్ళే. ఆ మొహం నాకింకా గుర్తుంది, ఎందుకంటే వెనక్కొచ్చి రేసు పూర్తి చేసుంటే తన తరఫున మాట్లాడటానికి నా దగ్గర బోలెడంత ఉండేది.

ఇంకొకటి, పడేసినవాళ్ళే తీయాలి. మార్పిడి పూర్తవకముందే, అంటే రెండు చేతుల మధ్య ఉండగానే పడితే ఇచ్చేవాళ్ళే తీయాలి. తీసుకోడానికి లేన్ దాటొచ్చు, కానీ ఇంకెవరికీ అడ్డం పడకూడదు.

తగిలితే చాలు అవతలివాళ్ళు అవుట్ అనుకోకండి. ఆ తగలడం వల్ల ఒకళ్ళకి నష్టం జరిగిందా అని రిఫరీ చూస్తారు, కావాలని చేయకపోయినా నష్టం జరిగితే మళ్ళీ పరిగెత్తించే అధికారం ఆయనకుంది. కాకపోతే ఆ అవకాశం మామూలుగా రేసు మనస్ఫూర్తిగా పూర్తి చేసినవాళ్ళకే ఇస్తారు. అదే రియోలో ఆడవాళ్ళ 4x100 హీట్‌లో, అంటే ఫైనల్‌కి ముందు జరిగే రేసులో, అమెరికా అమ్మాయి అల్లిసన్ ఫెలిక్స్ బ్యాటన్ ఇవ్వబోతుండగా బ్రెజిల్ అమ్మాయి తగిలి బ్యాటన్ పడిపోయింది. వాళ్ళు తల పట్టుకుని కూర్చోలేదు, అందరూ వెళ్ళిపోయాక కూడా చివరిదాకా పరిగెత్తారు, ఆ తర్వాతే ప్రొటెస్ట్, అంటే ఫిర్యాదు, ఇచ్చారు. బ్రెజిల్‌ని తీసేశారు, అమెరికా ఆ సాయంత్రం ఖాళీ ట్రాక్ మీద ఒక్కటే పరిగెత్తి 41.77 సెకన్లు చేసింది, ఫైనల్లో ఒకటో లేన్ నుంచి 41.01తో బంగారం కొట్టింది. అమెరికా లోపలికి రావడంతో ఏ తప్పూ చేయని చైనా టీమ్ ఫైనల్ పోగొట్టుకుంది, వాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే, కానీ నిర్ణయం సరైనదే అంటాను.

4x400లో అయితే మోచేతులు తగలడం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చివరి రెండు మార్పిళ్ళకి అందరూ ఒకేచోట గుమిగూడతారు. వచ్చేవాళ్ళు ఆఖరి మలుపులోకి ఏ వరసలో వస్తే ఇక్కడ నిలబడేవాళ్ళూ లోపలి నుంచి అదే వరసలో నిలబడాలి, ఆ తర్వాత చోటు మారితే అవుటే. ఇచ్చేసినవాళ్ళు దారి ఖాళీ అయ్యేదాకా కదలకండి, ఎంత ఆయాసంగా ఉన్నా సరే.

ఫిర్యాదు ఉంటే పక్క టీమ్ పిల్లల మీదకి వెళ్ళొద్దు, మీ సార్‌తో రిఫరీ దగ్గరికి వెళ్ళండి, ఫలితం ప్రకటించిన 30 నిమిషాల లోపే. మీరు ఆ అరగంటా అరుచుకోవడంలోనే గడిపేశారని విని నాకు అందుకే బాధేసింది.

వచ్చేవారం ప్రాక్టీస్‌లో ఒకరోజు పూర్తిగా దీనికే పెట్టుకోండి, కావాలనే బ్యాటన్ పడేయండి, ముందుకి, పక్కకి, రెండు చేతుల మధ్య నుంచి, ప్రతిసారీ ఎవరు తీయాలో వాళ్ళే తీసి జారిన చోటికి వచ్చి పరిగెత్తండి. శనివారం నేనూ వస్తాను, జెండా తెస్తాను.

మీ తాతయ్య