జెట్ స్కీ ఆయిల్ మజ్జిగ రంగుకు మారితే

ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ తిరిగే జెట్ స్కీని (నీటి మీద నడిచే బైకులాంటి చిన్న పడవను) ఒడ్డుకు లాగి, సీటు ఎత్తి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, బయటికి తీస్తే దాని కొనన తేనె రంగో, వాడకం ఎక్కువైతే నలుపో కనిపించాలి. చిక్కటి మజ్జిగలాంటి తెలుపు కనిపిస్తే ఆయిల్‌లో నీరు చేరిందని అర్థం. అప్పుడు చాలామంది ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోసి ఊరుకుంటారు. మార్చడం అవసరమే కానీ, నీరు ఏ దారిన వచ్చిందో తెలుసుకోకపోతే ఎంత ఖరీదైన ఆయిలైనా కొద్ది రోజుల్లో మళ్లీ మజ్జిగే అవుతుంది.

నీటికీ తెలుపు లేదు, నూనెకీ తెలుపు లేదు. మరి రెండూ కలిస్తే ఆ రంగు ఎక్కడిది? ఇంజన్ చిలికిన చిలుకుడికి నీరు కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా మారి నూనెలో నిలిచిపోతుంది, ఒక్కో బిందువు అంచున వెలుతురు దారి మళ్లి అన్ని వైపులకూ చెదురుతుంది. పాలలో కొవ్వు బిందువులు చేసేదీ ఈ పనే. మామూలు నూనెలో కొంతసేపటికి నీరు అడుగుకు దిగుతుంది. ఇంజన్ ఆయిల్‌లో మసిని పట్టి ఉంచడానికి కలిపే రసాయనాలు నీటి బిందువులనూ పట్టి ఉంచుతాయి కనుక అది అంత సులభంగా విడిపోదు. తిరిగే ఇరుసును దాన్ని మోసే బేరింగు లోహానికి తగలకుండా ఎత్తి పట్టేది కొన్ని మైక్రాన్ల మందం ఉన్న నూనె పొర మాత్రమే. మన తల వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావుగా ఉంటుంది. ఆ పొరలో నీరు చేరితే బరువు మోసే శక్తి తగ్గి, లోహాన్ని లోహం ఒరుసుకుంటుంది. జెట్ స్కీకి గేర్లు ఉండవు, పూర్తి వేగంలో నిమిషానికి 7000 నుంచి 8000 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. అందుకే కారు కొన్నాళ్లు ఓర్చుకునే లోపాన్ని ఇది ఓర్చుకోదు.

నీరు వచ్చే దారుల్లో మొదట అనుమానించవలసింది బోల్తా పడటాన్ని. పడవ వెనుక భాగాన ఏ వైపుకు తిప్పి నిలబెట్టాలో చూపే బాణం గుర్తు అంటించి ఉంటుంది; వ్యతిరేక దిశలో తిప్పితే పొగగొట్టంలో నిలిచిన నీరు ఇంజన్‌లోకి జారవచ్చు. రెండోది శుభ్రం చేసే పద్ధతి. సూర్యలంక తీరానికి తీసుకెళ్లి ఉప్పునీటిలో నడిపినవారు ఇంటికొచ్చి గొట్టంతో మంచినీరు పట్టడం సరైన పనే కానీ, అందులో వరుస తప్పకూడదు: నీటితో చల్లబడే పొగగొట్టం ఉన్న ఈ బండికి ముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఆ తర్వాతే కుళాయి తిప్పాలి, ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టేసి ఆ తర్వాతే ఇంజన్ ఆపాలి. ఇంజన్ ఆగి ఉంటే నీటిని బయటికి నెట్టే పొగ ఉండదు, నీరు నిండి వెనక్కి సిలిండర్‌లోకి నడుస్తుంది. నా దృష్టిలో మంచి ఉద్దేశంతోనే జరిగే నష్టాల్లో ఇదే అన్నిటికంటే బాధాకరం. అడుగు బిరడాలు బిగించడం మరచిపోయి పడవలోకి నీరు నిండటం, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ పైభాగం అతుకును మూసి ఉంచే పొర) గానీ, ఆయిల్‌ను నీటితో చల్లబరిచే ఆయిల్ కూలర్ గానీ దెబ్బతినడం మిగిలిన కారణాలు.

ఆయిల్ పోసే మూత లోపల పలుచని మీగడలాంటి పొర మాత్రమే ఉండి డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అంత భయం అక్కర్లేదు. చిన్న చిన్న చుట్లతో సరిపెట్టినప్పుడు ఇంజన్ పూర్తిగా వేడెక్కక, లోపలి ఆవిరి చల్లబడి అలా పేరుకుంటుంది; ఒక సుదీర్ఘమైన చుట్టుతో అది ఎగిరిపోతుంది. సందేహం ఉంటే ఒక్క చుక్క ఆయిల్‌ను వేడి పెనం మీద దూరం నుంచి వేసి చూడవచ్చు, నీరుంటే చిటపటలాడుతుంది.

నీరు మింగిన ఇంజన్‌ను మాత్రం స్టార్ట్ చేసి పరీక్షించకూడదు. గాలిలా నీరు అణగదు, పైకొచ్చే పిస్టన్ దాన్ని ఢీకొంటే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి నీటిని బయటికి నెట్టాలి, ఆయిలూ ఫిల్టరూ మార్చి కొద్దిసేపు నడపాలి, తెలుపు మళ్లీ కనిపిస్తే మళ్లీ మార్చాలి. దీన్ని మర్నాటికి వాయిదా వేయకూడదు, ఎందుకంటే తుప్పు గంటల్లోనే మొదలవుతుంది. ఇలా రెండు మూడుసార్లు మార్చినా తెలుపు తిరిగి వస్తుంటే కారణం బోల్తా కాదు, పగిలిన భాగం. దాన్ని ఒత్తిడి పరీక్షతో వెతకాలి.

ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే ఇంధనం కలుస్తోందని తెలుసుకోవాలి. వాసన లేకుండా మట్టం ఎక్కువగా కనిపిస్తే కొలిచిన తీరును చూడాలి. ఆటోనగర్ మెకానిక్కులకు కార్ల మీద మంచి పట్టుంది, కారు ఆయిల్‌ను చల్లారాక కొలవడం వారికి అలవాటు. అయితే చాలా జెట్ స్కీలలో ఆయిల్‌కు విడి ట్యాంకు ఉంటుంది, ఇంజన్ ఆగాక ఆయిల్ మెల్లగా ఇంజన్ అడుగుకు దిగిపోతుంది. చల్లగా కొలిచి తక్కువుందని పోస్తే అది ఎక్కువై, గాలి గొట్టంలోకి పొంగి పొగ వస్తుంది. ఇంజన్‌ను వేడెక్కించి ఆపాక, మాన్యువల్లో చెప్పిన వ్యవధిలోనే కొలవాలి.

ఇంజన్‌ను చల్లబరిచే నీరు లోపలికి వచ్చే ద్వారాన్ని వేసవిలో గుర్రపు డెక్క గానీ, వరద తర్వాత ఒండ్రు గానీ మూసివేస్తే ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడుతుంది, ఒత్తిడి తగ్గి ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు ఒడ్డు చేరేదాకా నడుపుదామనుకోకుండా అక్కడే ఆపి సాయం పిలవాలి. తీసిన ఫిల్టర్‌ను కోసి చూసినప్పుడు మెరిసే లోహపు రేకులు కనిపిస్తే సమస్య ఆయిల్‌ను దాటిపోయినట్టే, బేరింగులు చూడటానికి ఇంజన్‌ను విప్పవలసిందే.