పంచాయతీ రేడియో ఎందుకు మూగబోయింది

మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపేస్తూ ఆకాశవాణి ఎఫ్‌ఎం వైపు జరుగుతున్న కొద్దీ, పల్లెకి రేడియో ఇంకా కావాలా అన్న వాదన మళ్ళీ మొదలైంది. టీవీ వచ్చింది, సెల్లు వచ్చింది, రేడియో పోయింది అని తేల్చేసేవాళ్ళే ఎక్కువ. ఇళ్ళలో ఉన్న రేడియో విషయంలో అది కొంతవరకు నిజం. ఊరుమ్మడి రేడియో సంగతి వేరు. పంచాయతీ ఆఫీసు మీద బాకా కట్టి సాయంత్రాలు మోగించిన ఆ సెట్టు చాలా ఊళ్ళలో టీవీ ముఖం చూడకముందే మూగబోయింది. దానికి కారణాలు వెతకాలంటే కార్యక్రమాల పట్టికకన్నా ముందు బ్యాటరీని, ఎర్తు తీగని, పెట్టె తాళంచెవిని, మరమ్మతు ఎవరు చేయించాలన్న తగువుని చూడాలి.

తెలుగువాళ్ళకి రేడియో రెండు దారుల్లో వచ్చింది. కోస్తా, రాయలసీమలకి 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రమే దిక్కు. అక్కడ తమిళంతో సమయం పంచుకోగా మిగిలిందే తెలుగుకి. హైదరాబాదులో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియోలో ఉర్దూకి పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడాలు పక్కన సర్దుకున్నాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసిన హైదరాబాదు కేంద్రం, ఈ రెండే చాలాకాలం మన ఊళ్ళకి ఆధారం. విశాఖ, కడప కేంద్రాలు 1963 దాకా లేవు. అంటే 1950లలో శ్రీకాకుళం పల్లెలో పెట్టిన సెట్టు బలహీనమైన సిగ్నల్‌తోనే బతకాలి. ఈ మాట ఎందుకంటే, ఏరియల్ (సిగ్నల్ పట్టే తీగ) కథంతా ఇక్కడినుంచే మొదలవుతుంది.

గాజు వాల్వులతో నడిచే పాతకాలపు రేడియో, అంటే వాల్వు సెట్టు, అప్పట్లో మామూలు రైతు కొనగలిగే వస్తువు కాదు. కొన్నా ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. అందుకే ప్రభుత్వాలు ఊరికొక సెట్టు పెట్టే పద్ధతి ఎంచుకున్నాయి. 1930లలో పెషావరు, ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో దీన్ని మొదట చేసి చూశారు. 1954 నుంచి సెట్ల ఖరీదులో సగం కేంద్రం భరించే పథకం వచ్చింది. మిగతా సగం, ఆ తర్వాత ఏళ్ళ తరబడి నడిపే బాధ్యత రాష్ట్రానిది, పంచాయతీది. కొనడానికి పద్దు సులువుగా దొరికింది. నడపడానికి దొరకలేదు.

స్టేషను రోజు మూడు ముక్కలు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ప్రసారాలు. పొద్దున మంగళధ్వని, భక్తిగీతాలు, వార్తలు, కాస్త శాస్త్రీయ సంగీతం. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం. సాయంత్రం గ్రామస్థుల కార్యక్రమం, బజారు ధరలు, వాతావరణం, వార్తలు, ఆపైన నాటకమో బుర్రకథో హరికథో. పంచాయతీ సెట్టుకి ఇందులో దక్కింది మూడో ముక్క ఒక్కటే. పొద్దున జనం పొలాల్లో ఉంటారు, మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసుకి తాళం. స్త్రీల కోసం తయారు చేసిన కార్యక్రమం ఊరుమ్మడి సెట్టులో వినిపించే వేళ ఒక్కటీ లేదు. సాయంత్రం సెట్టు మోగినా ఆడవాళ్ళు రచ్చబండ దగ్గరికి వచ్చి కూర్చునే రోజులు కావవి. బాకా ఇంటిదాకా వినిపిస్తే విన్నారు, లేదంటే లేదు.

ఊరికి వీలైన ఆ సాయంత్రపు గంట సాంకేతికంగా చూస్తే రోజులోకెల్లా చెడ్డది. పగలు మీడియం వేవ్ తరంగం నేలని అంటిపెట్టుకుని వస్తుంది. ఆకాశంలోకి వెళ్ళిన భాగాన్ని వాతావరణపు పై పొరల్లో ఒకటి మింగేస్తుంది. పొద్దు గూకగానే ఆ పొర పలచబడి, వందల మైళ్ళ అవతలి స్టేషన్లు పైనుంచి తిరిగి నేలకి దిగుతాయి. దగ్గర దగ్గర ఫ్రీక్వెన్సీలు రెండు కలిస్తే సన్నటి ఈల. చైత్ర వైశాఖాల్లో సాయంకాలపు ఉరుములు దూరంలో ఉన్నా సెట్టులో ఫటఫటమంటాయి. వార్తలు మొదలయ్యే వేళకే ఇదంతా. కరెంటు ఉన్న ఊళ్ళలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగి వోల్టేజి పడిపోయేది కూడా అప్పుడే.

దీనికి విరుగుడు మంచి ఏరియల్, మంచి ఎర్తు. రెండు పొడుగాటి వెదురు బొంగులో సర్వీ కర్రలో పాతి, ముప్పై అడుగుల ఎత్తున, యాభై అరవై అడుగుల పొడవున మెలివేసిన రాగి తీగ లాగాలి. రెండు కొసల్లోనూ పింగాణీ గుడ్లు, అంటే గుడ్డు ఆకారపు ఇన్సులేటర్లు ఉండాలి. లేకపోతే తడిసిన కర్ర గుండా సిగ్నల్ నేలలోకి జారిపోతుంది. తీగని కరెంటు లైనుకి అడ్డంగా, అంటే లంబంగా లాగితే గరగర తగ్గుతుంది. సమాంతరంగా లాగితే లైనులోని ప్రతి చెడ్డ అతుకూ సెట్టులో వినబడుతుంది. ఎర్తుకి నాలుగైదు అడుగుల గొయ్యి, అందులో ఇనప గొట్టమో రాగి పలకో, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు. వేసవిలో వారానికి రెండు కుండల నీళ్ళు పొయ్యాలి. పెట్టినవాడు ఈ మాట చెప్పి వెళ్ళేవాడు, పోసే మనిషి ఎవరో రాసి వెళ్ళేవాడు కాదు. ఎండలకి నేల ఎండి ఎర్తు పోతే స్టేషను సన్నబడి, గరగర పెరుగుతుంది. ఊరి లెక్కలో సెట్టు పాడయింది. మెకానిక్కు వచ్చి విప్పి చూస్తే సెట్టులో లోపం ఉండదు.

కరెంటు లేని ఊళ్ళలో, అంటే అప్పటికి దాదాపు అన్ని ఊళ్ళలో, సెట్టుకి డ్రై బ్యాటరీ ప్యాకు. అందులో రెండు రకాల విద్యుత్తు ఉండేది: వాల్వుల పోగులు (ఫిలమెంట్లు) వేడెక్కడానికి ఒకటిన్నర వోల్టు, ప్లేట్లకి 90 వోల్టులు. ప్లగ్గులు తారుమారు చేసి 90 వోల్టుల్ని పోగులకి తగిలిస్తే ఒక్క క్షణంలో నాలుగు వాల్వులూ మాడిపోతాయి. అందుకే పిన్నుల లావు తేడాగా పెట్టారు. ప్లగ్గు విరిగి తీగలు చేత్తో చుట్టిన ఊళ్ళలో ఆ ప్రమాదం జరిగేది.

ప్యాకు 300 గంటలు వస్తుందనుకుందాం. సాయంత్రం రెండున్నర గంటలే పెడితే నాలుగు నెలలు. సినిమా పాటల కోసం ఇంకో రెండున్నర గంటలు పెడితే రెండు నెలలు. కొత్త ప్యాకు నాలుగు నెలల లెక్కనే వస్తుంది కాబట్టి మిగతా రెండు నెలలు సెట్టు నిశ్శబ్దం. కార్యక్రమం అయిపోయాక తాళం వెయ్యాలన్న నియమానికి పెద్దరికం కన్నా ఈ లెక్కే కారణం. పైగా ప్యాకు వాడకపోయినా చస్తుంది. తాలూకా కేంద్రంలో రేకుల గదిలో ఒక వేసవి నిలవున్న ప్యాకు ఊరికి చేరేసరికి సగం ఖాళీ.

చావు కూడా రెండు రకాలు. 90 వోల్టుల భాగం తగ్గితే మాట సన్నబడి, బొంగురుపోతుంది. చెవి ఆనిస్తే ఇంకా వినవచ్చు. ఒకటిన్నర వోల్టు భాగం 1.1 దరికి దిగితే స్టేషను పట్టడానికి కావలసిన తరంగాన్ని సెట్టులోనే పుట్టించే వాల్వు పని మానేస్తుంది. అప్పుడు సుయ్యిమనే చప్పుడు ఉంటుంది, స్టేషను ఉండదు. ట్యూనింగ్ ముల్లు జరిగిందేమోనని ఊళ్ళో వాళ్ళు తిప్పి తిప్పి తీగ తెంపేది ఈ దశలోనే. కొన్నిచోట్ల ప్యాకుకి బదులు ఆరు వోల్టుల సీసపు బ్యాటరీ, దాని వోల్టేజిని పెంచడానికి వైబ్రేటరు పెట్టారు. అది ఛార్జింగుకి బస్సు మీద పట్నం వెళ్ళి రావాలి, డిస్టిల్డ్ వాటరు పొయ్యాలి. బావి నీళ్ళు పోస్తే పలకలు తెల్లబారి, కొన్నాళ్ళకి ఛార్జి నిలవదు. ఇక స్పీకరు కాగితాన్ని ఎలుకలు కొట్టడం, పెట్టెకి చెదలు పట్టడం, కోతులు ఏరియల్ తీగ పట్టుకుని ఊగడం మామూలు సంగతులు.

ఇన్నిటికీ తాలూకాకో ఇద్దరు మెకానిక్కులు. ఊరినుంచి కార్డు రాయాలి, అది చేరాలి, ఆయన వంతు రావాలి, వచ్చిన రోజున తాళంచెవి ఉన్న మనిషి ఊళ్ళో ఉండాలి. చెవి సర్పంచి దగ్గరో, కరణం దగ్గరో, బడిపంతులు దగ్గరో ఉండేది. పంతులు దగ్గర ఉన్న సెట్టు సెలవులు తప్ప మిగతా రోజుల్లో వేళకి మోగేది. సర్పంచి ఇంటి అరుగు మీదికి చేరిన సెట్టు ఎదుటి పార్టీ వాళ్ళకి వినిపించదు. ఆఫీసు మీద బాకా కట్టినా అది ఊరి నడిమధ్యకి తిరిగి ఉండేది. ఊరవతలి వాడలకి గాలివాటు మీద వినబడితే వినబడినట్టు. ఎన్నికల్లో సర్పంచి మారితే చెవి మారడానికి ఎన్నాళ్ళు పడుతుందో, అన్నాళ్ళు రేడియో లేదు.

ఈ గొడవల మధ్య కూడా ఊరుమ్మడి వినికిడి బాగా సాగిన సందర్భం ఒకటుంది. 1956 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అప్పటి బొంబాయి రాష్ట్రంలో 150 ఊళ్ళలో, యునెస్కో సాయంతో, పూనా కేంద్రం నడిపిన రేడియో రైతు వేదికలు. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున మొత్తం 20 కార్యక్రమాలు. ఊరికి ఇరవై మంది సభ్యులు. విన్న తర్వాత లేచి వెళ్ళిపోకుండా కూర్చుని చర్చించాలి, ప్రశ్నలు రాసి స్టేషనుకి పంపాలి, వాటికి రేడియోలో జవాబు రావాలి. సెట్టు వేళకి మోగేలా చూసేందుకు మనిషిని పెట్టారు. ఫలితం బాగుందని 1959 నవంబరులో దేశమంతా విస్తరించారు. మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు మొదలైంది కూడా ఆ ఏడాదే. కానీ విస్తరణలో వేదికల సంఖ్య పెరిగింది, వెనక ఉండాల్సిన మనిషి పెరగలేదు. ఆ పని గ్రామసేవక్ అనే ప్రభుత్వోద్యోగి నెత్తిన పడింది. ఆయన నెత్తిన అప్పటికే ఎరువులు, విత్తనాలు, చిన్న పొదుపు, నివేదికలు ఉన్నాయి.

కార్యక్రమాల వైపు మాత్రం పని నాణ్యంగానే సాగింది. 1966లో పెట్టిన వ్యవసాయ విభాగాల తొలి విడతలో విజయవాడ ఒకటి. ఏ వారం ఏ పంటకి ఏం చెయ్యాలో వ్యవసాయ శాఖతో కూర్చుని ముందే రాసుకుని చెప్పే పద్ధతి అక్కడినుంచి గట్టిపడింది. కావేరి డెల్టాలో ఏడీటీ 27 వరి రేడియో ద్వారా ఎంతగా ప్రచారమైందంటే రైతులు దాన్ని రేడియో వడ్లనే పిలిచారు. వినగలిగితే వింటారు, విన్నది చేస్తారు అనడానికి ఆ ఒక్కటీ చాలు.

1960లలో ట్రాన్సిస్టరు వచ్చింది. నాలుగు టార్చి సెల్లులు, కిరాణా కొట్టులోనే దొరుకుతాయి, పొలం గట్టు మీదికి తీసుకుపోవచ్చు, తాళం లేదు. కేస్కర్ సమాచార మంత్రిగా ఉన్నప్పుడు సినిమా పాటలకి కత్తెర వేసిన దెబ్బకి శ్రోతలు రేడియో సిలోన్‌కి వెళ్ళారు. 1957లో వివిధభారతి పెట్టి వాళ్ళని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ శ్రోతకి చేతిలో సొంత సెట్టు కావాలి, బాకా కాదు. స్తోమత ఉన్న ఇళ్ళు పంచాయతీ సెట్టు దగ్గరికి రావడం మానేశాయి. అవి మానేశాక సెట్టు బాగుచేయించమని సమితి ఆఫీసులో అడిగే గొంతూ తగ్గింది.

ఊరుమ్మడి టీవీకి ముందు ఈ పాఠాలన్నీ ఉన్నాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, పల్లెలకి టీవీ ద్వారా విషయాలు నేర్పే సైట్ (SITE) ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళు. మన దగ్గర తెలంగాణలో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, సీమలో కర్నూలు జిల్లాలు. సెట్లు తయారు చేసింది హైదరాబాదులోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. పది అడుగుల వెడల్పున, ఉపగ్రహం సిగ్నల్ పట్టడానికి కోళ్ళ గూడుకి వాడే జాలితో చేసిన గొడుగు (డిష్ యాంటెనా). 860 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 35 సెంటీమీటర్లు కాబట్టి అంగుళం కన్నులున్న జాలి దానికి గట్టి రేకుతో సమానం, పైగా గాలి జాలిలోంచి పోతుంది. ఉపగ్రహం ఆఫ్రికా తూర్పు భాగం మీద, 35 డిగ్రీల రేఖాంశం దగ్గర. హైదరాబాదు నుంచి చూస్తే పడమర నుంచి కాస్త నైరుతికి, నేలనుంచి సుమారు 37 డిగ్రీల ఎత్తు. గొడుగు రెండు మూడు డిగ్రీలు తప్పినా బొమ్మ వస్తుంది. ఆ వైపు పెద్ద వేపచెట్టు ఉంటే మాత్రం రాదు.

పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. ఆ సమయాన్ని హిందీ, ఒరియా, తెలుగు, కన్నడాలు పంచుకున్నాయి. ఒక బొమ్మకి రెండు ధ్వని మార్గాలు ఉండడంతో ఒకే దృశ్యం మహబూబ్‌నగర్‌లో తెలుగులో, రాయచూరులో కన్నడంలో వినిపించింది. సెట్టుని ఎక్కువగా బడుల్లో పెట్టారు. పంచాయతీ రేడియో దగ్గరికి రానివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పిల్లలు, కూలి కుటుంబాలు బడి ఆవరణలోకి వచ్చారు. మరమ్మతుకి కేంద్రాలు, జీపులు, విడి భాగాలు ముందే సిద్ధం చేశారు. రేడియో విషయంలో ఇరవై ఏళ్ళుగా కుదరనిది ఇక్కడ కుదిరింది. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. నేలమీది ట్రాన్స్‌మిటరు కనుచూపు మేరకే అందుతుంది కాబట్టి దగ్గరి ఊళ్ళకి టీవీ మిగిలింది. కర్నూలు వైపు ఊళ్ళలో జాలి గొడుగులు ఖాళీ ఆకాశానికి తిరిగి ఉండిపోయాయి. తర్వాత ఇన్సాట్ ఉపగ్రహాలు, ఇంటింటి సెట్లు, కేబుల్. ఆ కథ అందరికీ తెలిసిందే.

అదే మెదక్ ప్రాంతంలో, జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకి చెందిన దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు. స్టూడియో 1990ల చివరికే ఉన్నా లైసెన్సు లేదు. అన్నాళ్ళూ రికార్డు చేసిన టేపుల్ని సంఘం సమావేశాల్లో వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకి 2006లో అనుమతి తెరుచుకుంది, ప్రసారం 2008 అక్టోబరు 15న మొదలైంది. సాయంత్రం రెండు గంటలు, వాళ్ళ యాసలో, వాళ్ళ పంటల గురించి. ఎఫ్‌ఎం కాబట్టి పొద్దు గూకిన తర్వాత దూరపు స్టేషన్ల ఈల లేదు, ఉరుముల గోల లేదు. ఇలాంటి కమ్యూనిటీ స్టేషనుకి మామూలుగా ప్రసార శక్తి 100 వాట్లు, ఏరియల్ మాస్టు 30 మీటర్లు దాటకూడదు. అంటే అందేది పది కిలోమీటర్లు, నేల చదునుగా ఉంటే ఇంకాస్త. 2006 నిబంధనల్లో ప్రకటనలకి గంటకి ఐదు నిమిషాలే ఇచ్చారు. రెండు గంటల స్టేషనుకి అప్పట్లో అది పది నిమిషాలు. ట్రాన్స్‌మిటరు మరమ్మతు, మాస్టుకి రంగు, ఎర్తు, కరెంటు బిల్లు అన్నీ ఆ పది నిమిషాల్లోంచో నడిపే సంస్థ సంచిలోంచో రావాల్సి ఉండేది.