హెల్మెట్‌లో స్పీకర్ ఉంటే చలాన్ వేయొచ్చా?

2023 జూలైలో ఆంధ్రప్రదేశ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరిగింది. ఆగస్టు నుంచి చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బైకు, ఆటో, కారు ఏది నడిపినా రూ. 20 వేలు జరిమానా అని. జనం హడలిపోయారు. చివరికి రవాణా శాఖే అది ఉత్త ప్రచారమని చెప్పాల్సి వచ్చింది. అంకె అబద్ధమని తేలింది గానీ అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్ సంగతి సరే, హెల్మెట్ లోపల అమర్చుకునే స్పీకర్ల మాటేమిటి?

మన మోటారు వాహనాల చట్టంలో వాటి ఊసే లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

హెల్మెట్ మీద గొడవ మన దగ్గర పాతదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లోని 498-ఎ కింద హైదరాబాద్‌లో హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో కోర్టు ఆ నిబంధన సబబేనని తీర్పు చెప్పింది. ఆ ఏడాదే పార్లమెంటు కొత్త మోటారు వాహనాల చట్టం చేసింది, 1989 జూలై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 129వ సెక్షన్ హెల్మెట్ గురించి, 184వ సెక్షన్ ప్రమాదకరంగా నడపడం గురించి. ఫోన్ ప్రస్తావన ఎక్కడా లేదు, ఉండే అవకాశమూ లేదు. దేశంలో మొదటి మొబైల్ కాల్ మాట్లాడిందే 1995 జూలై 31న. అంటే సెల్‌ఫోన్ రాకముందు రాసుకున్న చట్టానికే ఆ తర్వాత అతుకులు వేసుకుంటూ వచ్చాం.

మొదటి అతుకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో పడింది. లైసెన్సు రద్దు చేయదగిన తప్పుల జాబితా ఉన్న 21వ నిబంధనలో మొబైల్ ఫోన్ వాడుతూ బండి నడపడాన్ని కూడా చేర్చారు. 2015 ఆగస్టులో రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ అన్ని రాష్ట్రాలకూ గట్టిగా చెప్పింది: ఫోన్ మాట్లాడుతూ నడిపేవాళ్ల లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయండి అని. పోలీసుల చేతికి అప్పటి నుంచి బలం వచ్చింది. కానీ ఏది ఫోన్ వాడకం, ఏది కాదు అన్న గీత ఎవరూ గీయలేదు.

ఆ గీత లేకపోతే ఏమవుతుందో 2018 మేలో కేరళ హైకోర్టులో తేలింది. ఫోన్ మాట్లాడుతూ కారు నడిపిన వ్యక్తిపై అక్కడి పోలీసులు కేరళ పోలీసు చట్టం కింద కేసు పెట్టారు. జనానికి ప్రమాదం తెచ్చేలా నడిపినట్టు తేలితే తప్ప, ఫోన్ మాట్లాడినంత మాత్రాన ఆ చట్టం కింద నేరం కాదని డివిజన్ బెంచ్ చెప్పింది. అలా మాట్లాడటం మంచిదేనని కోర్టు అనలేదు. ఫలానా పని నేరమని చట్టంలో రాసి ఉండాలి కదా అన్నది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇదే.

మరుసటి ఏడాదే పార్లమెంటు కొంతవరకు రాసింది. 2019 సవరణతో 184వ సెక్షన్‌కు ఒక వివరణ చేర్చారు. రెడ్ సిగ్నల్ దాటడం, రాంగ్ రూటులో వెళ్లడం లాంటి వాటితో పాటు చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరాన్ని నడుపుతూ వాడటం కూడా ప్రమాదకర డ్రైవింగే అన్నారు. మొదటిసారి పట్టుబడితే రూ. 1,000 నుంచి రూ. 5,000 దాకా జరిమానా, లేదంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు 1 నుంచి నిబంధనల్లో ఒక సడలింపు వచ్చింది: డ్రైవరు ఏకాగ్రత చెడకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే అలాంటి పరికరాన్ని వాడుకోవచ్చు.

ఇప్పుడు హెల్మెట్ స్పీకర్ ఇందులో ఎక్కడ ఇముడుతుందో చూడండి. హెల్మెట్ చెవుల దగ్గర లోపలి కుషన్ కింద చిన్న గుంటలుంటాయి. వాటిలో రెండు పలచటి గుండ్రటి స్పీకర్లు అతికిస్తారు. గడ్డం దగ్గర మైకు, బయట ఎడమ పక్క బటన్లున్న ఒక పెట్టె. ఫోన్ జేబులో ఉంటుంది, చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉంటాయి. చేత్తో పట్టుకునేది ఏదీ లేదు. పైగా గూగుల్ మ్యాప్స్ ఎడమకు తిరగమని చెవిలో చెబుతుంటే, దారి కోసం ట్యాంకు మీద పెట్టిన స్క్రీన్ వైపు తల దించక్కర్లేదు. 184 వివరణలోని ‘చేత్తో పట్టుకునే పరికరం’ అన్న మాటను ఉన్నదున్నట్టు చదివితే ఇది దాని కిందికి రాదు.

కానీ అదే వివరణ చివర్లో, జాగ్రత్త గల డ్రైవరు ఎవరూ నడపని తీరులో నడపడం కూడా ప్రమాదకర డ్రైవింగేనని ఒక వాక్యం ఉంది. దాని కిందికి ఏదైనా లాగొచ్చు. అది కుదరకపోతే 177వ సెక్షన్, అంటే శిక్ష విడిగా చెప్పని తప్పులన్నిటికీ ఉన్నది: మొదటిసారి రూ. 500. దీనికి తోడు, స్పాట్‌లో ఎంత కట్టించుకోవాలో 200వ సెక్షన్ కింద రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. 2019 జరిమానాలను తెలంగాణ వెంటనే అమలు చేయలేదు. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో తన సొంత జాబితా ఇచ్చింది. అందుకే సరిహద్దు దాటితే లెక్క మారిపోతుంది, వాట్సాప్‌లో రూ. 20 వేలు అన్నా జనం నమ్మేస్తారు.

విదేశాల్లో ఈ చర్చ మనకంటే చాలా ముందే మొదలైంది. 1979 జూలైలో సోనీ వాక్‌మన్ వచ్చింది. మూడేళ్లకే, 1982లో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వుడ్‌బ్రిడ్జ్ పట్టణం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బండి నడపడమే కాదు, రోడ్డు దాటడం కూడా నేరమని ఆర్డినెన్స్ తెచ్చింది. 50 డాలర్ల జరిమానా లేదా 15 రోజుల జైలు. తర్వాత రాష్ట్రాలు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నాయి. న్యూయార్క్‌లో ఒక చెవికి పరవాలేదు. కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూయకూడదు, 2016 జనవరి నుంచి ఆ నియమాన్ని ఇంకా విడమరిచి రాశారు. ఫ్లోరిడా, కొలరాడో మాత్రం నేరుగా మన ప్రశ్నకే జవాబిచ్చాయి. ఫ్లోరిడా చట్టంలో మోటార్‌సైకిల్ వాళ్లకు విడిగా మినహాయింపు ఉంది: స్పీకర్ హెల్మెట్‌లో అమర్చి ఉండాలి, చెవికి నేరుగా తగలకూడదు, చుట్టుపక్కల శబ్దం వినబడాలి. కొలరాడోలో హెల్మెట్‌లోనే అమర్చిన స్పీకర్లు ఇయర్‌ఫోన్స్ లెక్కలోకి రావు.

ఫ్రాన్స్ ఇంకా తేటగా చెప్పింది. 2015 జూలై 1 నుంచి చెవిలో శబ్దం చేసే ఏ పరికరం పెట్టుకుని నడిపినా 135 యూరోలు, లైసెన్సులో మూడు పాయింట్లు కోత. సైకిలు తొక్కేవాళ్లకూ జరిమానా తప్పదు. వినికిడి యంత్రాలకు మినహాయింపు. హెల్మెట్ లోపల అమర్చిన స్పీకర్లను మాత్రం వదిలేశారు. రైడర్లు రోజూ అడిగే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

అలాగని హెల్మెట్ స్పీకరుంటే క్షేమమే అనుకోవడం పొరపాటు. టొరంటోలో చేసి 1997లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం ముప్పు సుమారు నాలుగు రెట్లు ఉంటుందని చెప్పింది. హ్యాండ్స్‌ఫ్రీ అయినా తేడా పెద్దగా కనిపించలేదు. చెయ్యి ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా ఉండదు. ఇంటి దగ్గరి గొడవో, ఆఫీసు టెన్షనో చెవిలో మోగుతుంటే పక్క సందులోంచి వచ్చే ఆటో కళ్ల ముందున్నా కనబడదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. అందుకే దారి చెప్పే గొంతునూ ఫోన్ సంభాషణనూ చట్టం వేరువేరుగా చూడాలంటాను. మొదటిది తల దించకుండా కాపాడుతుంది, రెండోది ధ్యాసను లాగేస్తుంది.

హెల్మెట్ సంగతి కూడా ఉంది. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారు చేయకూడదు, అమ్మకూడదు. స్పీకర్ పట్టడం లేదని లోపలి థర్మోకోల్ పొరను బ్లేడుతో చెక్కేస్తే, దెబ్బను ఆపాల్సిన చోటే పలచబడిపోతుంది. యూరప్ కొత్త హెల్మెట్ భద్రతా ప్రమాణం 22.06లో కంపెనీ చెప్పిన ఉపకరణాలు బిగించి కూడా హెల్మెట్‌ను పరీక్షిస్తారు. కొనేటప్పుడు స్పీకర్ గుంటలు ముందే ఉన్న హెల్మెట్ ఎంచుకోవడం మేలు.

సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే మన ఊళ్ల అసలు స్థితి తెలిసిపోతుంది. స్పీకర్లున్న హెల్మెట్లు ఖరీదైన బైకుల మీదే కనిపిస్తాయి. మిగతావాళ్లు హెల్మెట్ కుషన్‌కీ చెంపకీ మధ్య ఫోన్ దూర్చి, మెడ ఒక పక్కకు వాల్చి మాట్లాడుతుంటారు. డెలివరీ కుర్రాళ్లకు కస్టమర్ ఫోన్ ఎత్తకపోతే కుదరదు, దారి వినకపోతే ఆర్డరు ఆలస్యమవుతుంది. వాళ్లలో ఎవరికైనా చలాన్ పడితే కోర్టుకెళ్లి వాదించొచ్చు. కానీ ఒక్క రోజు కోర్టు మెట్లెక్కితే ఆ రోజు సంపాదన పోతుంది, అది ఫైన్ కంటే ఎక్కువే కావచ్చు. కట్టేసి వెళ్లిపోతారు. చలాన్లన్నీ ఇలా రోడ్డు మీదే తీరిపోతుంటే 2019 వివరణకు హెల్మెట్ స్పీకర్ విషయంలో అర్థం చెప్పమని అడిగే అవకాశం జడ్జికి రాదు. రవాణా శాఖ తనంతట తాను నిబంధనల్లో నాలుగు వాక్యాలు చేర్చేవరకు, ఏ జంక్షన్‌లో ఏ కానిస్టేబుల్ ఎలా అనుకుంటే అక్కడ అదే చట్టం.