సగం మందు తెల్లవారుజామున

"పరీక్ష ఎప్పుడయిందో కూడా తెలీలేదురా. ఆ నీళ్లు తాగడమే నరకం." కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అయిన రోజు సాయంత్రం నాన్న అన్న మాట ఇది. ముందురోజు రాత్రి జగ్గు పట్టుకుని పక్కన కూర్చున్నది నేనే. పావుగంటకో గ్లాసు. ఉప్పగా, కాస్త జిగటగా ఉండే ఆ నీళ్లకు మూడో గ్లాసుకే ఆయనకు డోకు వచ్చింది.

పరీక్షకు ముందు పేగును శుభ్రం చేయడానికి ఆ నీళ్లలో కలిపే పొడిలో ముఖ్యమైనది పాలీఇథిలీన్ గ్లైకాల్. పేగు దాన్ని పీల్చుకోదు. తాగిన నీళ్లను అది పేగులోనే పట్టి ఉంచితే, ఆ నీళ్లే లోపలంతా కడుక్కుంటూ బయటికి పోతాయి. తోడుగా కలిపిన లవణాల వల్ల ఒంట్లోని ఉప్పు, నీరు పెద్దగా తగ్గిపోవు. 1980లో అమెరికాలోని డాలస్‌లో ఫోర్‌ట్రాన్ అనే డాక్టర్ బృందం ఈ ద్రావణాన్ని తయారుచేసింది. అంతకుముందు ఇదే పనికి వాడిన మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాన్ని పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్ పుట్టించేది. పాలిప్‌ను (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండను) కరెంటుతో కత్తిరించేటప్పుడు ఆ గ్యాస్ అంటుకుని పేగులోనే పేలుడు జరిగిన సందర్భాలున్నాయి. కొత్త మందుతో ఆ భయం పోయింది కానీ, 4 లీటర్లు తాగాల్సి వచ్చింది!

ఇన్ని నీళ్లెందుకని సోడియం ఫాస్ఫేట్ మాత్రలు తెచ్చారు. అవి కొందరి కిడ్నీలను దెబ్బతీయడంతో 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జారీ చేసింది.

నా దృష్టిలో అసలైన మేలు కొత్త మందుతో రాలేదు, వేళ మార్చడంతో వచ్చింది. మందంతా రాత్రే తాగేసి పడుకుంటే, తెల్లారేలోపు చిన్నపేగు నుంచి పిత్తరసం, జిగురు దిగి పెద్దపేగు మొదటి భాగంలో పూతలా పేరుకుంటాయి. పల్చగా అతుక్కుని ఉండే పాలిప్‌లు ఆ పూత కిందే దాక్కుంటాయి. అందుకే సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి తాగమంటున్నారు. పేగు బాగా శుభ్రపడుతుంది, తాగడమూ తేలికవుతుంది. మత్తు ఇస్తారు కాబట్టి కనీసం 2 గంటల ముందే అంతా ఆపేయాలి.

పరిమాణం కూడా తగ్గింది. చాలామందికి 2 లీటర్లు సరిపోతున్నాయి. ముందురోజంతా పస్తుండాల్సిన పనీ చాలామందికి లేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నంలో పెరుగు లాంటివి తినొచ్చు. ఆకుకూరలు, గింజలు, పీచు వద్దు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం ప్రతిదీ డాక్టర్‌ను అడిగే చేయాలి.

రెండోసారి నాన్న మందును ఫ్రిజ్‌లో చల్లబరిచి, స్ట్రాతో తాగించాం. సగం అయ్యాక కాసేపు బాత్రూమ్‌కి తిరిగి, పదకొండింటికి పడుకున్నారు. మిగతా సగానికి నాలుగింటికి నేనే లేపాను.