పిన్ మధ్యలో ఉన్న సూది

పోయిన వేసవిలో మా చెల్లెలు తన డెల్ ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నల్లటి స్క్రీన్ మీద ఒక మెసేజ్ వచ్చింది. అడాప్టర్ ఏ రకమో తెలియడం లేదు, బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు అని. ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపూ నడుస్తోంది, తీస్తే ఆగిపోతోంది, బ్యాటరీ 4 శాతం దగ్గరే ఉండిపోయింది, పైగా ఒక్క ఫైల్ తెరవడానికి నిమిషం పడుతోంది. రెండు రోజుల్లో ప్రాజెక్టు ఇవ్వాలి, తనకి ఒకటే టెన్షన్. పరుగున వెళ్లి ఒక షాపులో 750 రూపాయలు పెట్టి కంపాటిబుల్ ఛార్జర్ కొన్నాను. "వోల్టేజ్ సేమ్, ఆంప్స్ సేమ్, పిన్ సేమ్, ఇంకేం కావాలన్నా?" అన్నాడు షాపతను. ఇంటికొచ్చి పెడితే మళ్లీ అదే మెసేజ్.

అతను చెప్పిన మూడూ నిజంగా చూడాల్సినవే. వోల్టేజ్ ఛార్జర్ చేతిలో ఉంటుంది, అది ఎంత పంపితే అంతా ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది, కాబట్టి ల్యాప్‌టాప్ అడిగే వోల్టేజే ఉండాలి. 19కి, 19.5కి ఉన్న తేడా మామూలుగా ఏమీ చేయదు. ఆంపియర్ల సంగతి వేరు. ఛార్జర్ మీద రాసిన ఆంపియర్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే, అందులో ఎంత తీసుకోవాలో ల్యాప్‌టాప్ నిర్ణయించుకుంటుంది. అందుకే 65 వాట్ల ల్యాప్‌టాప్‌కి అదే వోల్టేజ్ ఉన్న 90 వాట్ల ఛార్జర్ పెడితే బ్యాటరీ పాడవుతుందన్న భయం అక్కర్లేదు. భయపడాల్సింది దానికి ఉల్టా జరిగినప్పుడు. 19.5 వోల్టుల్ని 3.34 ఆంపియర్లతో గుణిస్తే 65 వాట్లు. అలాంటి ఛార్జర్‌ని 130 వాట్లు లాగే గేమింగ్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఛార్జర్ తన శక్తికి మించి మోయాలి. మంచిదైతే తనంతట తాను ఆగిపోతుంది, నాసిరకందైతే కాలిపోవచ్చు.

ఈ ప్రమాదం రాకుండా ఉండాలనే కొన్ని కంపెనీలు ఛార్జర్‌కి గుర్తింపు పెట్టాయి. బాగా తెలిసిన ఉదాహరణ డెల్. వాళ్ల పాత 7.4 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్‌ని వెలుతురులో పట్టుకుని లోపలికి చూడండి. బయటి లోహపు గొట్టం నెగటివ్, దాని లోపలి గోడ పాజిటివ్, సరిగ్గా మధ్యలో సన్నగా ఒక సూది ఉంటుంది. ఆ సూదిలో కరెంటు నడవదు, సమాచారం నడుస్తుంది. అడాప్టర్ డబ్బా లోపల ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది, తాను ఎన్ని వాట్ల ఛార్జరో అందులో రాసి ఉంటుంది. డాలస్ సెమీకండక్టర్ కంపెనీ తెచ్చిన వన్-వైర్ అనే పద్ధతిలో ల్యాప్‌టాప్ ఆ ఒక్క తీగ మీదే ప్రశ్న అడుగుతుంది, చిప్ అదే తీగ మీద జవాబిస్తుంది. జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ జాగ్రత్తపడుతుంది: బ్యాటరీకి ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. లెనోవో దీర్ఘచతురస్రం పిన్‌లో ఇదే పని ఒక మామూలు రెసిస్టర్‌తో కానిచ్చేశారు, దాని విలువ కొలిచి ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్ తెలుసుకుంటుంది. చాలా ఏసర్, అసూస్ గుండ్రటి పిన్లలో ఇలాంటి గుర్తింపేమీ ఉండదు, వోల్టేజ్, వాట్లు, పిన్ సైజు కలిస్తే చాలు.

గుర్తింపు పెట్టడం తప్పని నేను అనను. కానీ డబ్బులు పెట్టి కొన్న మనిషికి ఆ సంగతి పెట్టె మీదో లేబుల్ మీదో ఒక్క ముక్క రాసి చెప్పకపోవడం మాత్రం అన్యాయం. ఆ సూది ఒకటుందని తెలియక జనం మంచి బ్యాటరీలు, ఒక్కోసారి మదర్‌బోర్డులు కూడా మార్పించుకుంటున్నారు.

థర్డ్ పార్టీ ఛార్జర్లన్నీ చెత్త అనేమాట కూడా తప్పే. చూడాల్సింది డబ్బా లోపల. మన ఇంటి 230 వోల్టుల ఏసీని అది ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది, దాన్ని సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 19 వోల్టులకి దించుతుంది. అంటే అరచేతిలో పట్టే డబ్బాలో ఒకవైపు ప్రాణం తీసే వోల్టేజ్, ఇంకోవైపు మనం ఒళ్లో పెట్టుకునే ల్యాప్‌టాప్, మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ. ఆ రెండు వైపుల్నీ కలుపుతూ వై-కెపాసిటర్ అని ఒకటి ఉంటుంది, రేడియో అలజడి తగ్గించడానికి. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జిల్లుమంటుంది చూడండి, అది దీని గుండా వచ్చే అతి చిన్న కరెంటు. మూడో పిన్నుకి ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ జిల్లు పోతుంది. ఇక్కడి ఛార్జర్‌ని అమెరికా తీసుకెళ్లిన మన పిల్లలకి కూడా ఈ జిల్లు అనుభవమే: ఛార్జర్ మీద 100-240 వోల్టులని ఉంటుంది కాబట్టి అక్కడి 120 వోల్టులతో ఇబ్బంది లేదు, కాకపోతే రెండు కాళ్ల కన్వర్టర్ పెట్టగానే ఎర్త్ పోతుంది. అసలైన వై-కెపాసిటర్‌ని షార్ట్ కాకుండా ఉండేలా తయారుచేస్తారు. పది రూపాయలు మిగుల్చుకోవడానికి ఆ చోట మామూలు కెపాసిటర్ పెట్టి, అది షార్ట్ అయితే, 230 వోల్టులు నేరుగా ల్యాప్‌టాప్ బాడీ మీదికి వస్తాయి. నాకు నిజంగా భయం వేసేది దీనికే, స్క్రీన్ మీద వచ్చే మెసేజ్‌కి కాదు. మన దేశంలో ల్యాప్‌టాప్ అడాప్టర్ అమ్మాలంటే భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. కొట్టు ముందు నిలబడే చూసేయొచ్చు.

టైప్-సి వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. పీడీ, అంటే పవర్ డెలివరీ అనే టైప్-సి పద్ధతిలో నడిచే ఛార్జర్ పెట్టగానే 5 వోల్టులే ఇస్తుంది, ల్యాప్‌టాప్‌తో మాట్లాడుకున్నాకే 9, 15, 20కి పెరుగుతుంది. ఈ మాటల పద్ధతి అన్ని కంపెనీలకీ ఒకటే. కేబుల్ కూడా చూసుకోవాలి, 60 వాట్లు దాటాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి, దానిలోనూ ఒక చిప్ ఉంటుంది. ఫోన్‌తో వచ్చిన 80 వాట్ల ఛార్జర్ ల్యాప్‌టాప్‌కి 80 ఇస్తుందనుకోవద్దు, చాలా ఫోన్ కంపెనీల ఫాస్ట్ ఛార్జింగ్ భాష వాళ్లకే సొంతం. యూరప్‌లో 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకీ టైప్-సి తప్పనిసరి చేస్తూ నియమం పెట్టారు. మన దగ్గరా అలా వస్తే బాగుండునని గట్టిగా కోరుకుంటున్నాను.

చెల్లెలి ఛార్జర్ల విషయానికొస్తే, కొత్తదాని పిన్ దగ్గర వైరు బ్లేడుతో కోసి చూశాను. లోపల రెండే తీగలు. మధ్యలో సూది ఉంది గానీ దానికి ఏమీ కలపలేదు. తర్వాత పాత ఒరిజినల్‌ది కూడా కోశాను. మూడు తీగలున్నాయి, రెండు లావుపాటివి బాగానే ఉన్నాయి, వెంట్రుకలాంటి మూడోది మాత్రం పిన్ మెడ దగ్గర, రోజూ వంగే చోట, తెగిపోయి ఉంది. డబ్బా, చిప్ అన్నీ బతికే ఉన్నాయి. రిపేర్ అతను 200 రూపాయలకి పిన్నుతో సహా కొత్త కేబుల్ వేసి, మూడు తీగలూ అతికించి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఆన్ చేస్తే మెసేజ్ రాలేదు. బ్యాటరీ 4 నుంచి 5కి మారేదాకా మా చెల్లెలు స్క్రీన్ ముందు నుంచి కదల్లేదు.