మాల్‌లో మన చోటెంత?

కాసేపు నడవడానికి, చల్లగా కూర్చోవడానికి, స్నేహితులను కలవడానికి చాలా నగరాల్లో జనం వెళ్ళేది మాల్‌కే. అయినా అది పార్కు కాదు, వీధీ కాదు. ఏమీ కొనకుండా ఎక్కువసేపు కూర్చుంటే సెక్యూరిటీ వచ్చి లెమ్మన్నా అడిగే దిక్కుండదు. ఈ చిక్కు ఇప్పటిది కాదు. 1819లో తెరిచిన లండన్ బర్లింగ్టన్ ఆర్కేడ్‌లోనే సొంత కాపలా మనుషులుండేవారు. అక్కడ పరిగెత్తకూడదు, ఈల వేయకూడదు.

ఇప్పుడు మనం చూస్తున్న మాల్‌కు రూపమిచ్చింది విక్టర్ గ్రూయెన్. వియన్నాలో పుట్టిన యూదు ఆర్కిటెక్ట్. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకోవడంతో అమెరికా చేరాడు. కారు లేనిదే ఎక్కడికీ కదల్లేని శివారు కాలనీలు ఆయనకు వెలితిగా అనిపించాయి. నలుగురూ కలిసే రచ్చబండ లాంటి చోటు వాటికి ఇవ్వాలనుకున్నాడు. 1956 అక్టోబరులో మినియాపోలిస్ శివారు ఈడైనాలో సౌత్‌డేల్ సెంటర్ మొదలైంది. అన్ని వైపులా మూసేసిన కట్టడం, 72 దుకాణాలు. బయట గడ్డకట్టే చలి ఉన్నా లోపల ఒకటే వాతావరణం. మధ్యలో పెద్ద హాలు, అందులో చెట్లు, నీళ్ళు, ఎత్తైన పక్షుల పంజరం.

చుట్టూ ఇళ్ళు, బడులు, ఆసుపత్రి, పార్కు కూడా రావాలన్నది ఆయన ప్లాన్. పెట్టుబడి పెట్టేవాళ్ళకు మాత్రం లాభం కనిపించింది దుకాణాల్లోనూ పార్కింగ్‌లోనూ. కొత్త భవనం ఖర్చును మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా చూపించి పన్ను తగ్గించుకునే వెసులుబాటు 1954లో దొరకడంతో ఊరి బయట మాల్స్ వరసగా లేచాయి. ఊరి మధ్య బజార్లు వెలవెలబోయాయి. తన పేరు చెప్పుకుని కట్టిన వాటితో తనకు సంబంధం లేదని గ్రూయెన్ 1978లో బాహాటంగానే అన్నాడు. ఆ బాధ నాకు న్యాయమైనదే అనిపిస్తుంది.

జనం చేరే చోటు మారింది సరే, అక్కడ వాళ్ళకు హక్కేముంది? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1968లో ఒక షాపింగ్ సెంటర్‌లో కార్మికుల పికెటింగ్‌ను కోర్టు సమర్థించింది. నాలుగేళ్ళకే తీరు మారింది. పోర్ట్‌లాండ్‌లోని లాయిడ్ సెంటర్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచుతున్నవాళ్ళను గార్డులు ఆపి, బయటికి వెళ్ళకపోతే అరెస్టు చేస్తామన్నారు. అది ప్రైవేటు ఆస్తి కాబట్టి పంచే హక్కు లేదని 1972లో 5-4 తేడాతో తీర్పు వచ్చింది. 1980లో కాలిఫోర్నియాలోని ప్రూన్‌యార్డ్ అనే షాపింగ్ సెంటర్ కేసులో మాత్రం, రాష్ట్రాలు తమ సొంత రాజ్యాంగం కింద ఇంకాస్త ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వొచ్చని కోర్టు ఒప్పుకుంది. అక్కడ ఒక వినతిపత్రానికి సంతకాలు సేకరిస్తుంటే గార్డులు ఆపింది హైస్కూలు పిల్లల్ని!

కోర్టుకెక్కకుండా పని జరిగే దారి కూడా ఉంది. న్యూయార్క్ 1961లో జోనింగ్ నిబంధనలు (ఎక్కడ ఏం, ఎంత కట్టొచ్చో చెప్పేవి) మార్చి, జనానికి ఖాళీ చోటు వదిలే బిల్డర్లకు అదనపు అంతస్తుల వైశాల్యం కట్టుకోనిచ్చింది. స్థలం యజమానిదే, కూర్చునే హక్కు అందరిదీ. మాల్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే బెంచీలు, మరుగుదొడ్లు, మంచినీళ్ళు, కొనకపోయినా ఉండనివ్వడం వంటివి షరతుల్లో రాయించాలని నేను గట్టిగా కోరుకుంటాను. కట్టేశాక అడిగితే వినే యజమానులు తక్కువ.