మూడు రోజులు నడిచి చూసిన నీళ్లు

ఉరవకొండ

పిల్లలూ,

మొన్న జీడిపల్లి రిజర్వాయర్ కట్ట మీద నిలబడి "తాతా, ఇన్ని నీళ్లు ఎక్కడివి?" అని అడిగారు. కృష్ణా నదివి అని చెప్పి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు. ఆ నది కోసం నేను 19 ఏళ్ల వయసులో మూడు రోజులు అడవిలో నడిచాను. ఆ సంగతి మీకు సరిగ్గా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన అనంతపురంలో పుట్టినవాళ్లకు ఏరు అంటే ఇసుక. పెన్న నంది కొండల దగ్గర పుట్టి హిందూపురం వైపు నుంచి మన జిల్లాలోకి వస్తుంది. వస్తుందన్న మాటే గానీ, నా చిన్నతనమంతా అందులో నేను చూసింది చెలమలే. ఇసుకలో మోచేతి లోతు తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, ముంతతో ముంచుకునేవాళ్లం. ఇక్కడ ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల వాన. మా అవ్వకు డెబ్బై ఏళ్లు దాటినా నిండుగా పారే నదిని ఒక్కసారి కూడా చూడలేదు.

1974లో ఉగాదికి ముందు అవ్వ శ్రీశైలం మొక్కు తీర్చుకోవాలంది. దోర్నాల మీదుగా బస్సులు పోతున్నాయి కదా అన్నాను. "మల్లన్నకు నడుస్తానని మొక్కినా నాయనా, కూర్చోని వస్తానని కాదు" అంది. దాంతో గుంతకల్లు దాకా బస్సు, అక్కడి నుంచి డోన్ మీదుగా కర్నూలుకు మీటర్ గేజీ రైలు, మళ్లీ ఆత్మకూరుకు బస్సు. మూటలో సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి, బెల్లం, బొరుగులు. నీళ్లకు ఎండు సొరకాయ బుర్ర.

ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టాం. అక్కడి నుంచి శ్రీశైలం 40 కిలోమీటర్ల పైచిలుకు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఈ నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోండి. వందల ఏళ్లుగా జనం ఈ దారినే నడుస్తున్నారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు కూడా ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం చేరారు.

నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర మొదటి రాత్రి పడుకున్నాం. అక్కడి నుంచి రాతిమెట్లు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని చెబుతారు. మెట్ల నడిమధ్య రాయి అరిగి, రోలులా గుంట పడి ఉంది. అవ్వ పై మెట్టు మీద రెండు చేతులూ ఆనించి, ఒక్కో కాలే ఎత్తిపెట్టి ఎక్కింది. నేను చేయందిస్తే వద్దంది. ప్రతి మలుపులోనూ "చేదుకో మల్లన్నా" అని కేక వేసేది.

మీకు ఆ మాట అర్థం కాకపోవచ్చు. చేదడం అంటే బావిలో బొక్కెన వేసి తాడుతో నీళ్లు పైకి లాగడం. నన్ను కూడా అలా పైకి లాక్కో స్వామీ అని ఆ కేక. పుట్టిన దగ్గరి నుంచీ నీళ్లు చేది చేది అరచేతులు కాయలు కాచిన మనిషి నోట ఆ మాట విన్నాక, నాకు వేరే ఏ ప్రార్థనా అంత నిజంగా అనిపించలేదు.

మా ముందూ వెనకా కన్నడ దేశం నుంచి వచ్చిన భక్తులు గుంపులు గుంపులుగా నడుస్తున్నారు. వందల కిలోమీటర్ల నుంచి వచ్చినవాళ్లు. కొందరు కాళ్లకు పొడవాటి కర్రలు కట్టుకుని, ఆ కొయ్యకాళ్ల మీద వచ్చారు. అడవి ఆకురాల్చి ఉంది, మోదుగలు మాత్రం ఎర్రగా పూసి ఉన్నాయి. రెండో రోజు ఎండకు మా సొరకాయ బుర్రలో నీళ్లు అయిపోయాయి. పెచ్చెరువు దగ్గర చెంచు గూడెంలో ఒకామె మోదుగాకు దొప్పలో నీళ్లు పోసి, అవ్వ తాగేదాకా పక్కనే నిలబడింది. అవ్వ డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మల్లన్న చెంచుల ఆడబిడ్డను పెళ్లాడాడు కాబట్టి వాళ్లకు అల్లుడు. అల్లుడి ఇంటికి పోయేవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటారా అంది.

మూడో రోజు భీముని కొలను. పిల్లలూ, అసలు కష్టం అక్కడుంది. దారి ఉన్నట్టుండి లోయలోకి పడిపోతుంది. దిగుతూ దిగుతూ మోకాళ్లు వణికాక, అడుగున నీటి మడుగు. తల పైకెత్తితే అవతలి కొండ గోడలా నిలబడి ఉంది. దిగినదంతా మళ్లీ ఎక్కాలి. ఎక్కితే కైలాసద్వారం. ఆ పేరు ఎందుకు పెట్టారో ఎక్కినవాళ్లను ఎవరూ అడగనక్కర్లేదు. అవ్వ ఆ ద్వారం కింద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఒక సజ్జ రొట్టెను నీళ్లలో తడిపి ఇస్తే సగం తిని సగం నాకు పెట్టింది.

దర్శనం మరునాడు పొద్దున. ఆ తర్వాత పాతాళగంగ, అంటే శ్రీశైలం కొండ కింద పారే కృష్ణ. నల్లమల కొండలు కృష్ణకూ పెన్నకూ మధ్య సుమారు 150 కిలోమీటర్లు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. మహాబలేశ్వరం దగ్గర పుట్టి తూర్పు సముద్రానికి పోయే కృష్ణకు ఈ కొండలు అడ్డం. ఇక్కడి రాయి చాలా గట్టిది. లెక్కలేనన్ని ఏళ్లు ఆ రాయిని కోసుకుంటూ నది లోయ చేసుకుంది. అందుకే అంత లోతున పారుతుంది, అందుకే ఆ పేరు. వందల మెట్లు దిగాం. అప్పటికి శ్రీశైలం డ్యామ్ పని ఇంకా సాగుతోంది. నది తన దారిలో తాను, రాళ్ల మధ్య పచ్చగా పోతోంది.

అవ్వ చివరి మెట్టు మీద ఆగిపోయింది. అందరూ మునుగుతున్నారు, తను మాత్రం దిగదు. ఏమైంది అవ్వా అంటే, "తాగే నీళ్లలో కాళ్లు పెట్టేదెట్లప్పా?" అంది. వంగి, దోసిలితో ముందు తాగింది. తల మీద చల్లుకుంది. నేను చాలా చెప్పాక చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చీలమండల లోతు దిగింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "ఇన్ని నీళ్లు మనూరికి రాకుండా ఎక్కడికి పోతాయి?" అని అడిగింది. సముద్రంలోకి అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మేం దిగిన మెట్లలో అడుగువి ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని కోసం వంద ఊళ్ల దాకా మునిగాయి, ఆ ఊళ్ల జనం ఇళ్లూ పొలాలూ వదిలి పోయారు. సంగమేశ్వరం గుడి ఇప్పటికీ ప్రతి ఏటా మునిగి, వేసవిలో తేలుతుంది. మీరు జీడిపల్లిలో చూసింది ఆ జలాశయం నీళ్లే. నందికొట్కూరు దగ్గర మల్యాలలో మోటార్లతో ఎత్తి, హంద్రీ-నీవా కాలువలో 200 కిలోమీటర్లకు పైగా నడిపించి, దారిలో చోటుచోటా మళ్లీ మళ్లీ ఎత్తుతూ తెస్తారు. 2012లో మొదటిసారి ఇక్కడికి నీళ్లొచ్చినప్పుడు కట్ట మీద నేనూ ఉన్నాను. అవ్వ అప్పటికి లేదు. ఆమె పద్ధతిలోనే ముందు దోసిలితో తాగాను, తర్వాతే కాళ్లు పెట్టాను.

మేం నడిచిన ఆ అడవి ఇప్పుడు పులుల అభయారణ్యం. శివరాత్రికీ ఉగాదికీ తప్ప ఆ దారిలోకి పోనివ్వరు. అందుకని వచ్చే ఉగాదికి ముందే రండి. వెంకటాపురం నుంచి నాగలూటి దాకా మీతో నడుస్తాను. అక్కడి నుంచి మెట్లు మీ నాన్నతో ఎక్కండి. కొత్త చెప్పులు వేసుకోవద్దు, ప్లాస్టిక్ కవర్లు తేవద్దు. నేను వెనక్కి వచ్చి బస్సులో శ్రీశైలం చేరుకుని, పాతాళగంగ మెట్ల మీద మీ కోసం కూర్చుంటాను. సొరకాయ బుర్ర మీ దగ్గరే ఉంచుకోండి, పెచ్చెరువు దగ్గర నింపుకోవడం మరిచిపోవద్దు.

మీ తాత